బస్సెక్కిన గుంజ

ఇచ్చోడ వడ్ల బాలమల్లు తన ఇంటి పై అంతస్తును బస్సులో వేసుకుని నస్పూరు దాకా తీసుకుపోయి, పెళ్లానికి చూపించి, మళ్లీ బస్సులోనే వెనక్కి తెచ్చుకున్నాడు. పోయేటప్పుడు దానికి కిటికీ పక్క సీటు కూడా ఇప్పించాడు.

పై అంతస్తు మొత్తం అంటే నమ్మరేమో. సరే, మొత్తం కాదు, ఒక మూల. ఆ మూల కూడా రెండు పీటలంత. కిటికీ పక్క సీటు మాట కూడా కొంచెం సవరించుకోవాలి. అది డ్రైవరు వెనకాల, బియ్యం మూటలకూ ఒక కోళ్ల గంపకూ నడుమ నిలబడి ప్రయాణం చేసింది. కానీ బస్సు నిజం, అంతస్తు నిజం, పెళ్లాం అన్నింటికన్నా నిజం.

బాలమల్లు ఇల్లు హైవే మీది హారన్లు వినిపించేంత దూరంలో ఉంటుంది. కింద వడ్రంగం పని కొట్టం, పైన మాడీ. మాడీ అంటే పై అంతస్తే. ఆ మాటను ఇచ్చోడ వాళ్లు ఎప్పుడో మరాఠీ వాళ్ల దగ్గర చేబదులు తీసుకున్నారు, తిరిగి ఇచ్చే ఆలోచన ఎవరికీ లేదు. మాడీ నేలంతా టేకు పలకలు, బాలమల్లు తండ్రి పరిచినవి. వీధి వైపు అంచుకు ఒకప్పుడు రేలింగు ఉండేది. అది మాత్రం టేకు కాదు, ఏదో చౌక కట్టె. చెదలు దాన్ని లోపలంతా తినేసి పై రంగును మర్యాదగా వదిలిపెట్టాయి. ఒక వానాకాలం బాలమల్లు దాన్ని పీకి పొయ్యిలో పెట్టాడు. కొత్తది రేపు పెడతానన్నాడు.

ఆ రేపు రాలేదు. ఇటు గుడిహత్నూరు దాకా, అటు నేరడిగొండ దాకా ఎందరి ఇళ్లకో గుంజలు నిలబెట్టి రేలింగులు కట్టినవాడు తన మాడీ అంచును మాత్రం బోడిగా వదిలేశాడు.

"వడ్లోని ఇంట్ల పీట ఉండదంటరు," అనేది అతని భార్య రామవ్వ. "మనింట్ల పీటలు మస్తున్నయి. మనిషి కింద పడకుంట ఆపేది ఒక్కటి లేదు."

పాత నేలకు గుంజను బిగించడం చూసేవాళ్లు అనుకున్నంత తేలిక కాదు. మనిషి ఆనుకునేది నడుము ఎత్తున. ఆ బరువంతా కిందికి దిగి గుంజ పాదాన్ని పెకిలించాలని చూస్తుంది. పలకల మీద నిలబెట్టి మొలలు కొడితే ఆ పూటకు నిలుస్తుంది. ఒళ్లున్న చుట్టం ఎవరో వచ్చి ఆనుకున్న రోజున మొలలతో సహా లేచి వస్తుంది. గుంజ పట్టుకోవాల్సింది పలకను కాదు, పలక కింది దూలాన్ని. అందుకే బాలమల్లు పలకలో గుంజంత సందు కోసి, పాదాన్ని కిందికి దించి, అంచు దూలానికి లోపలి వైపు ఆనించి, రెంటినీ కలిపి ఒకదాని కింద ఒకటిగా బోల్టులు దూర్చేవాడు. బరువు పడ్డప్పుడు దూలమే మెలి తిరగకుండా దానికీ పక్క దూలానికీ నడుమ ఒక దిమ్మె బిగించేవాడు. బోల్టు తల బయట, నట్టు లోపల.

చిక్కంతా అక్కడే ఉంది. బయటి తలను తిప్పాలంటే మాడీ మీద బోర్లా పడుకుని అంచు మీంచి చెయ్యి కిందికి వేలాడెయ్యాలి. లోపలి నట్టును కదలకుండా పట్టాలంటే కింద స్టూలెక్కి దూలాల నడుమ చెయ్యి పెట్టాలి. ఆ రెండు పనులూ ఒక్క మనిషి చెయ్యాలంటే అతనికి తాటిచెట్టంత చేతులుండాలి.

ఆ కింది మనిషి ఎప్పుడూ రామవ్వే. పెళ్లయిన కొత్తలో ఒకనాడు కూలీ రాకపోతే బాలమల్లు పానా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఎవరింట్లో పనైనా ఇద్దరూ కలిసే పోయేవారు. పైనుంచి సుత్తితో పలక మీద ఒక దెబ్బ వేస్తే గట్టిగా పట్టమని, టకటకా కొడితే వదలమని. ఒకరి మొహం ఒకరికి కనిపించేది కాదు. కానీ పలకల సందుల్లోంచి మాట వినిపించేది. కూతురు మంజులను ఏ బడిలో వెయ్యాలి, బర్రెను అమ్మాలా ఉంచాలా, చెల్లెలి కొడుకు పెళ్లికి పోవాలా మానాలా, అన్నీ ఆ సందుల్లోంచే తేలాయి. ఎదురెదురుగా కూర్చుంటే ఆ మొగుడూ పెళ్లాలకు మాటలు దొరికేవి కావు. నడుమ ఒక నేల ఉంటే మాత్రం ధారగా వచ్చేవి.

బాలమల్లు ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. కూతురు పుట్టక ముందు "ఓయ్", పుట్టిన తర్వాత "మంజులా". ఆ పక్క అతని ఈడు మగవాళ్లు చాలామంది అంతే. పిల్ల పేరు పిలిస్తే తల్లి పలుకుతుంది.

ఆ మంజుల పెద్దదై, నర్సు చదివి, నస్పూరులో బొగ్గు బావిలో పనిచేసే నరేశ్‌ను చేసుకుంది. అతనికి షిఫ్టులు, ఆమెకు డ్యూటీలు. పాప పుట్టి, భవ్యశ్రీ అని పేరు పెట్టుకున్నాక దాన్ని చూసుకోవడానికి రామవ్వ పోయింది. పిల్ల మెడ నిలిపేదాకా అంది. మెడ నిలిపాక, పాకేదాకా అంది. పాకాక, నడవనియ్యి అంది. పిల్ల నడిచింది. నడిచిన మర్నాటి నుంచి ఉరకడం మొదలుపెట్టింది.

ఇచ్చోడలో బాలమల్లు జొన్నరొట్టె తనే చేసుకోవడం నేర్చుకున్నాడు. ఆ రొట్టెకు అంచు ఉండేది కాదు, ఒక్కో పక్క ఒక్కో దేశం పటంలా ఉండేది. పనిలో కూర్చుని పానా అందించమని పక్కకు చెయ్యి చాపేవాడు. చాయ్ తాగాలనిపిస్తే మాడీ మీద నుంచి అలవాటుగా పలక మీద ఒక దెబ్బ వేసేవాడు. వేసి, కింద నుంచి చప్పుడు రాకపోయేసరికి, ఏదో మొల లేచిందేమో చూస్తున్నట్టు వంగి పలకను తడిమేవాడు. చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా తడిమేవాడు. పొద్దుగూకే వేళ నస్పూరు వైపు నుంచి వచ్చే బస్సు హైవే మీద ఆగిన చప్పుడు వినిపిస్తే, చేతిలో పని ఆపి, ఎవరైనా ఇటు మళ్లుతారా అని అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టేవాడు.

రోజూ ఫోన్ చేసేవాడు.

"మంజులా."

"చెప్పు బాపు."

"నువ్వు గాదు. గా మంజులకియ్యి."

కూతురు నవ్వి ఫోన్ తల్లికిచ్చేది.

"తిన్నవా?" అనేది రామవ్వ.

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"రొట్టె."

"నువ్వు జేసిందేనా? పండ్లు ఊడకుంట తిన్నవా?"

ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచేది కాదు. ఎప్పుడొస్తావని అడగాలని అతని నాలుక మీద ఉండేది. బదులుగా, ఈడ వాన పడ్డదనో, బర్రె ఈనిందనో చెప్పేవాడు. ఒకనాడు ఆమే అంది:

"పిల్ల పెయ్యదూడ లెక్క ఉరుకుతుంది. దాన్ని ఇడిసిపెట్టి నేను రాను. దాన్ని తోల్కొని ఆ బోడి అంచు మాడీకి అసలే రాను. రేలింగు వెట్టు, ఇద్దరం వస్తం."

బాలమల్లు ఫోన్ పెట్టేసి అప్పుడే కట్టె ఎంచడానికి కూర్చున్నాడు. మంచి టేకు, ఎండినది, ఎవరికో డ్రెస్సింగు టేబులు కోసం దాచినది. ఆ ఎవరికో ఇక మంగళం పాడేశాడు. రెండు రోజుల్లో గుంజలు చిత్రిక పట్టి నున్నగా తీశాడు. తలలు గుండ్రంగా చేశాడు, పిల్ల నుదురు తగిలినా దెబ్బ తగలకుండా.

ఇక కింద నట్టు పట్టే మనిషి కావాలి. ఎదురింటి దర్జీ అంతయ్యను పిలిచాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్లు. అంతయ్య కింద స్టూలెక్కాడు. బాలమల్లు పైన బోర్లా పడుకుని ఒక దెబ్బ వేశాడు.

"ఎవలది?" అన్నాడు అంతయ్య కింద నుంచి.

"నేనే బావా! గట్టిగ పట్టు."

"పట్టిన. నీ మాడీ కింద బూజు మస్తుంది బావా. అక్క ఉన్నప్పుడు గిట్ల లేకుండె."

"బూజు సంగతి తర్వాత, నట్టు సూడు."

"నట్టు తిరుగుతుంది బావా."

"తిరగకుంట పట్టుమనే గద నిన్ను ఎక్కిచ్చింది!"

పొద్దంతా కష్టపడితే మూలన ఒక్క గుంజ నిలబడింది. అంతయ్య భుజం పట్టుకుని దిగాడు. "నీ పెండ్లాం గింత పని ఎట్ల జేసిందో గని బావా, ఆమెకు దండం," అని కుట్టు మిషను దగ్గరికి పోయినవాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గుంజ గట్టిగానే ఉంది. బాలమల్లు సాయంత్రం గొప్పగా ఫోన్ చేశాడు. రామవ్వ అన్నీ విని ఒకే మాట అడిగింది.

"నట్టు ఎవలు పట్టిండ్రు?"

"అంతయ్య."

"పాయింటుకు గుండీలు కుట్టుమంటే కోటుకు కుట్టినోడు. వాడు పట్టిన నట్టుకు నా మన్మరాలిని ఆనిపియ్యాల్నా?"

"గట్టిగుందే. వీడియో పంపిస్త సూడు."

"వీడియోల అన్ని గట్టిగనే కనవడ్తయి. నేను వీడియోకు ఆనుకోవాల్నా? చెయ్యి వెట్టి సూస్తెనే నమ్ముత."

చెయ్యి పెట్టి చూడాలంటే ఆమె రావాలి. రావాలంటే చెయ్యి పెట్టి చూసి నమ్మాలి. బాలమల్లు ఆ రాత్రి ఈ ముడిని చాలాసేపు విప్పాడు. తెల్లారేసరికి అతనికి ఒక దారి దొరికింది. ఇంత తెలివైన దారి దొరికినందుకు తనను తాను మెచ్చుకుని, చాయ్ తాగి, రంపం తీసుకుని మాడీ ఎక్కాడు.

గుంజను విప్పి తీసుకుపోతే లాభం లేదు. విప్పితే బిగింపు పోతుంది, ఆమె చూడాల్సింది బిగింపునే. అందుకని గుంజను ముట్టుకోలేదు. అది పట్టుకున్న నేలనే కోశాడు. ఆ మూలన దూలాల కొసలు గోడ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ కొసలు, నడిమి దిమ్మె, పైన పలకలు, వాటి మీద గుంజ, అంతా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దానికి దుప్పటి చుట్టి, భుజాన వేసుకుని, హైవే మీదికి నడిచాడు. వెనక మాడీ మూలన ఆకాశం కనిపిస్తూ ఉంది.

నిర్మల్‌లో బస్సు మారినప్పుడు కండక్టరమ్మ ఆపింది.

"ఏంది తాతా ఇది?"

"గుంజ."

"గుంజ కిందేంది?"

"మాడీ."

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. మాడీయే. "నా సర్వీసుల మేకలను జూసిన, మంచాలను జూసిన. ఇల్లు పట్టుకొని బస్సెక్కినోన్ని నిన్నే సూస్తున్న. ఏడికి తాతా?"

"మా ఆమెకు సూపియ్యాలె."

"ఆమె ఇంటికి రాదా?"

బాలమల్లు దుప్పటిని మళ్లీ గుంజ చుట్టూ చుట్టాడు. కండక్టరమ్మ ఒక్క క్షణం అతని మొహం చూసి, డ్రైవరు వెనక చోటు చూపించింది. ఖానాపూర్‌లో ఎక్కిన ఒక ముసలామె సీటు దొరకక ఆ గుంజకు ఆనుకుని నిలబడి, అడవి దారి మలుపులన్నింటిలో హాయిగా నిద్రపోయి, జన్నారంలో కళ్లు తెరిచింది. "ఇంటికాడ మంచం గుడ గింత నిమ్మలంగ ఉండదు కొడుకా," అని దీవించి దిగింది. బాలమల్లుకు కొండంత ధైర్యం వచ్చింది.

నస్పూరులో ఇంటి తలుపు తీసిన రామవ్వ అతన్ని చూసింది, భుజం మీది దుప్పటి మూటను చూసింది. మనవరాలికి బొమ్మ గుర్రం తెచ్చాడనుకుంది. మూట విప్పితే తన మాడీ మూల బయటపడింది.

బాలమల్లు మాడీ ముక్కను హాల్లో నేల మీద పెట్టాడు. "అల్లుడా, జర ఇటు నిలవడు. మంజులా, నువ్వు అటు." కూతురూ అల్లుడూ చెరో పక్క పలకల మీద నిలబడి తొక్కిపట్టారు. బావి నుంచి అప్పుడే వచ్చిన నరేశ్ నవ్వు ఆపుకోలేక మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. రామవ్వ గుంజ మీద ఒక చెయ్యి వేసి ఊపింది. రెండు చేతులు వేసి ఊపింది. నడుము ఆనించి నెట్టింది. అది చలించలేదు. భవ్యశ్రీ వచ్చి గుంజను కౌగిలించుకుని వేలాడింది. రామవ్వ వంగి, దిమ్మె వెనక వేళ్లు పోనిచ్చి, నట్టును తడిమింది. ఆ చోటు ఆమె వేళ్లకు కళ్లు అక్కర్లేకుండానే దొరికింది.

"గట్టిగనే ఉంది," అంది. తర్వాత పలకల కోసిన అంచు మీద వేలు రాసింది. "గుంజ మంచిగుంది. మరి దీన్ని తెస్తే ఇంటికాడ ఏమున్నది?"

"జరంత బొంద వడ్డది."

"బొందా?"

"జరంతనే."

"పిల్ల పడ్తదని రేలింగు వెట్టుమంటే, పిల్ల పట్టేంత బొంద జేసి వచ్చినవా మనిషీ!"

అంతా నవ్వారు. ఏం నవ్వుతున్నారో తెలియకపోయినా భవ్యశ్రీ అందరికన్నా గట్టిగా నవ్వింది. బాలమల్లు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. దారి పొడుగునా అతను అనుకున్నది, గుంజ గట్టిగా ఉందని తేలితే పని అయిపోతుందని. గట్టిగా ఉందని తేలింది. ఆమె మాత్రం సంచి సర్దడానికి లేవలేదు. పిల్ల ముక్కు తుడుస్తూ కూర్చుంది.

"గింత దూరం గుంజను మోసుకొచ్చినవ్," అంది, అతని వైపు చూడకుండానే. "రేలింగు, రేలింగు అంటవ్. వాన వడ్డదంటవ్. బర్రె ఈనిందంటవ్. నన్ను రమ్మని మాత్రం ఒక్కనాడన్న అడిగినవా?"

బాలమల్లుకు ఎదురుగా ఆమె ఉంది, నడుమ ఏ నేలా లేదు.

"మంజులా," అన్నాడు.

"ఆఁ బాపు," అంది మంజుల.

అతను బిక్కమొహం వేశాడు. ఆ పేరుకు ఆ ఇంట్లో వేరే మనిషి పలుకుతోంది. ఇచ్చోడలో ఫోన్ పట్టుకుని ఇంకొకరి చేతికిమ్మనొచ్చు. ఇక్కడ ఎవరి చేతికి ఎవరినిమ్మంటాడు? మెడ మీది తువ్వాలు తీసి, మొహం తుడుచుకుని, మళ్లీ వేసుకున్నాడు.

"రామవ్వా," అన్నాడు. "కింద నువ్వు లేకుంటే నాకు పని సాగుత లేదు. రా."

రామవ్వ లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది, ఆ రోజు కడగాల్సినవీ, కడిగి ఉన్నవీ కలిపి. బయటికి వచ్చి కూతురితో, "నాలుగు దినాలకే. పిల్లను గుడ తీస్కపోత," అంది.

మాడీ ముక్క కూడా వాళ్లతోనే బస్సెక్కింది. ఇచ్చోడలో బొందను చూసి రామవ్వ తిట్టిన తిట్లు ఎదురింటి అంతయ్య మిషను ఆపి మరీ విన్నాడు. బాలమల్లు కోసిన దూలాల పక్కనే లోపలి నుంచి కొత్త దూలాలు జోడించి, ముక్కను తిరిగి కూర్చి, మిగతా గుంజలకు సందులు కోశాడు. పిల్ల నడుముకు తాడు కట్టి, దాని రెండో కొసను పొయ్యి గదిలో మంచం కోడుకు కట్టి, రామవ్వ స్టూలెక్కింది.

అతను బోర్లా పడుకుని, పలకకు చెంప ఆనించి, ఒక దెబ్బ వేశాడు. కింద నట్టు బిగిసింది.

"బూజు మస్తు పెరిగింది," అంది రామవ్వ కింద నుంచి.

"దులుపేటోళ్లు లేరాయె."

"రొట్టె నడుమ లావు, అంచు పల్చన జేస్తున్నవ్. పొద్దుగాల సూసిన."

"నీకెట్ల తెల్వాలె, తినకుంట?"

"సూస్తే తెల్వదా?"

పైన బోల్టు ఇంకో చుట్టు తిరిగింది.

"నువ్వు లేక మంచిగ లేదు," అన్నాడు బాలమల్లు పలకతో.

"ఎరుకే," అంది నేల కింద నుంచి ఆమె. "ఇంకో బోల్టు దింపు."

ఆ నాలుగు దినాలూ ఎనిమిదయ్యాయి. అన్ని గుంజలూ నిలిచాయి, పైన చేతికర్ర అమరింది, పిల్ల దూరకుండా నడుమ సన్నని పుల్లలు పడ్డాయి. భవ్యశ్రీ రేలింగు పట్టుకుని వీధిలో పోయే ప్రతి మేకకూ చెయ్యి ఊపింది. సాయంత్రాలు రామవ్వ దానికి మోచేతులానించి నిలబడేది, పక్కన బాలమల్లు.

తర్వాత మంజుల ఫోన్ చేసింది. పిల్ల మీద బెంగగా ఉందంది. రామవ్వ సంచి సర్దుకుంది. బాలమల్లు వాళ్లను బస్సెక్కించి వచ్చి, రేలింగును పట్టుకుని ఊపి చూశాడు. ఎక్కడా వదులు లేదు. పని అంత బాగా చేసినందుకు ఏ వడ్రంగీ అంత దిగులుగా నిలబడి ఉండడు.

నెల తిరగకుండానే మూల గుంజ కిర్రుమనడం మొదలైంది. ఊగేంత కాదు, కిర్రుమనేంత. ఫోన్లో ఆ చప్పుడు వినిపించాడు. రామవ్వ పిల్లను చంకనేసుకుని వచ్చి, బిగించి, నాలుగు దినాలుండి పోయింది. తర్వాత రెండో గుంజ. ఆ తర్వాత వీధి చివరి గుంజ. వరస తప్పకుండా, ఒక్కో నెలకు ఒక్కోటి. ప్రతిసారీ ఆమె స్టూలెక్కి నట్టు మీద వేళ్లు పెట్టగానే, పానా పడిన కొత్త గీతలు తగులుతాయి. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. నట్టు బిగించి, "ఈ కట్టె మంచిది గాదు," అని మాత్రం అంటుంది.

అంతయ్యకు మాత్రం ఆగదు. "బిగిచ్చెతందుకు ఇద్దరు గావాలె గని, వదులు జేసెతందుకు ఒక్కడు సాలు గద బావా?" అని చాయ్ హోటల్లో అందరి ముందూ అడిగాడు.

బాలమల్లు గ్లాసు కింద పెట్టాడు.

"గదంత పొల్లు అబద్ధం," అన్నాడు. "నేను నస్పూరు పోనేలే. మాడీ కొయ్యలే. ఇల్లు కోసి బస్సుల ఏస్కపోయెతందుకు నాకేమన్న పిచ్చా? ఎండకు కట్టె ఆరుతది, నట్టు దానంతటదే వదులైతది. ఆమె వచ్చుడు, పోవుడు ఆమె ఇష్టం. నాకేం రంధి లేదు, బెంగ లేదు."